ఈ వారం వేరే విశేషాలు లేవు

గురువారం మధ్యాహ్నం రెండింటికి
పాత రైలుస్టేషన్ తాళం తీస్తాను.
రైలు రావడం మానేసి ముప్ఫై ఏళ్లు.
టికెట్ల కిటికీ దగ్గర ఇప్పుడు
కాఫీ ఫ్లాస్కు, బిస్కెట్ల డబ్బా,
వెట్‌స్టోన్ హెరాల్డ్ పాత సంపుటాలు.
పేజీ తిప్పితే
ఒళ్లో గోధుమ పొట్టులా రాలుతుంది.

వచ్చేది ఆరుగురం. మంచు పడితే నలుగురం.
ఐవర్ టోలెఫ్‌సన్ చెవి మిషన్ సరిచేసుకుని
"గట్టిగా చదువు, మేవిస్" అంటాడు.

"శ్రీమతి లుండీ చెల్లెలింటికి వెళ్లి మంగళవారం తిరిగొచ్చారు."
"బడి బావి మళ్లీ ఎండింది."
"ఎర్ర దూడ తప్పిపోయింది. ఎడమ చెవి తెలుపు.
జాడ చెప్పినవారికి మేత ఖర్చు ఇచ్చుకుంటాం."

దూడ దగ్గర ఐవర్ చెయ్యెత్తుతాడు.
"దొరికింది. మా తాత కోసుకు తినేశాడు."
డెబ్బై ఏళ్లు దాటిన దొంగతనం అలా ఒప్పుకున్నాక
ఇంకో కప్పు కాఫీ.

మా చరిత్ర ఇంతే.
రాజుల్లేరు, కోటల్లేవు.
ఎత్తయిన కట్టడమల్లా ధాన్యం ఎలివేటర్ ఒక్కటే,
దాన్నీ పడగొట్టేశారు.
ఒకరింటి పొగ ఇంకొకరికి కనపడనంత దూరంలో బతికినవాళ్లకి
ఒకరి ఊసు ఒకరికి చేరేసింది
ఈ నాలుగు పేజీలే.

ఆ రోజు తీసింది ముప్ఫై ఏడు, ఆగస్టు.
మొదటి పేజీ నిండా దుమ్ముగాలి.
తూర్పు నుంచి కరువు సాయంగా ఎండుచేపలొచ్చాయట,
వండడం చేతకాక ఎవరో
కొట్టం కప్పుకి మేకులతో కొట్టారట.
కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నాం.
చివరి పేజీలో, అట్టడుగున, ఒకే ఒక్క వరుస:
"ఈ వారం వేరే విశేషాలు లేవు."

తిప్పబోయాను.
పరాస్కా చెయ్యి పేజీ మీద పడింది.
నాలుగేళ్లుగా వస్తోంది, బిస్కెట్లు తెచ్చేది ఆవిడే,
నోరు విప్పింది మాత్రం ఇదే.

"ఆ వారం మా ఒస్తాప్ పోయాడు.
ఏడాదిన్నర వాడు. దుమ్ము ఊపిరికి అడ్డంపడి.
అమ్మ కిటికీలకి తడి దుప్పట్లు కట్టేది,
తెల్లారేసరికి అవి మట్టి అట్టలు.
పెట్టె చెయ్యడానికి చెక్క లేదు.
సాయం ఆపిళ్లొచ్చిన పెట్టె ఉంది,
దాని మీద ఎర్రటి ఆపిల్ బొమ్మ.
నాన్న ఆ పలక తిప్పి కొట్టాడు,
బొమ్మ లోపలికి ఉండేలా.
బయటికుంటే మనం చూస్తాం,
లోపలుంటే వాడు చూసుకుంటాడు, అన్నాడు."

ఫ్లాస్కు జోలికి ఎవరూ పోలేదు.

వాళ్లకి నేను చెప్పని సంగతి ఒకటుంది.
ఆ వరుస కూర్చింది మా నాన్న.
వారం వారం కొత్తగా ఏరడం దండగని
ఆ సీసపు అక్షరాల్ని దారంతో కట్టి
అరలో సిద్ధంగా ఉంచేవాడు.
ఖాళీ మిగిలితే అదే.
పట్టాలకి అవతలి ఇళ్ల నుంచి
కబురు తెచ్చేవాళ్లు లేరో,
తెచ్చినా ఏ భాషలో అని అడిగేవాళ్లో.
ఒక్క అచ్చుతప్పు కనపడితే
రాత్రంతా నిద్రపోని మనిషి.
ఇందులో అచ్చుతప్పేం లేదు.
ప్రతి అక్షరం సరిగ్గానే ఉంది.

తర్వాతి గురువారం పొగాకు డబ్బా పట్టుకెళ్లాను.
దారం ఇంకా ఊడలేదు.
చెప్పాల్సింది చెప్పి పరాస్కా అరచేతిలో పెట్టాను.
అద్దంలోలా తిరగబడ్డ అక్షరాలు,
ఆవిడ చదవలేదు, తడిమింది.
"ఇంత చిన్నదానికి
ఎంత బరువు" అంది.

దారం ఆవిడే విప్పింది.
బల్లంతా సీసం.
ఐవర్ కళ్లద్దాలు మార్చుకుని
ఒస్తాప్ కోసం వెతకడం మొదలెట్టాడు.
మూడు అక్షరాలు దొరికాయి.
ఎన్నిసార్లు వెతికినా రెండు లేవు.
పక్క ఊరి ప్రెస్సులో అడిగొస్తానన్నాడు.

అది మూతపడి ఇరవై ఏళ్లు.
ఆ మాట ఎవరూ అనలేదు.
పరాస్కా మూడింటినీ వరుసలో పేర్చి
మిగతా రెండింటికి
చోటు వదిలింది.